పాత బ్యాటరీని తూకానికి వేయకండి

ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ పనికిరాకుండా పోయిందా? వీధిలో కేకేసుకుంటూ వచ్చే పాత సామాన్ల బండికి మాత్రం దాన్ని వేయకండి. షాపులో ఇచ్చేదానికన్నా నాలుగు డబ్బులు ఎక్కువే రావచ్చు. ఆ ఎక్కువ ఎవరి ఒంట్లోంచి వస్తోందో తెలిస్తే మీకే చేతులాడవు.

బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. దాన్ని కరిగించడానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు; కట్టెల మంట, ఒక ఇనుప మూకుడు చాలు. మన దేశంలో ఊరి శివార్లలోని షెడ్లలో, ఒక్కోచోట పెరళ్లలోనే బ్యాటరీలను గొడ్డలితో పగలగొడుతున్నారు. యాసిడ్‌ను నేలమీద పారబోసి, పలకలను మంటలో వేస్తారు. పొగ కాసేపటికి చెదిరిపోతుంది గానీ అందులోని సీసం చుట్టుపక్కల మట్టిమీదే పడుతుంది. అది కుళ్లదు, దశాబ్దాలు గడిచినా తరగదు. పని ముగించుకొచ్చిన తండ్రి చొక్కాకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది, నేలమీద పాకే బిడ్డ చేతికంటి నోట్లోకి పోతుంది. మింగిన సీసాన్ని పెద్దల ఒంటికన్నా పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎముకల్లో ఏళ్ల తరబడి దాగి, గర్భిణి నుంచి కడుపులోని బిడ్డకు కూడా చేరుతుంది. ఇంత మోతాదు వరకు ప్రమాదం లేదని చెప్పదగ్గ హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

సెనెగల్ రాజధాని డకార్ శివారులో థియరోయ్-సుర్-మేర్ అనే పేట ఉంది. పాత బ్యాటరీలు పగలగొట్టిన చోట మట్టిలో సీసం దొరుకుతుందని అక్కడివాళ్లు తవ్వి, సంచులకెత్తి ఇళ్లకు తెచ్చుకుని జల్లించారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపు 18 మంది పసిపిల్లలు చనిపోయారు. అంత తీవ్రం కానప్పుడు రోగం పైకి కనిపించదు. చదువు ఎక్కదు, చీటికీమాటికీ చిరాకు, రక్తహీనత, కడుపునొప్పి. ఇవి చూసి సీసమని ఎవరనుకుంటారు? రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉన్న పిల్లలు ప్రపంచంలో 80 కోట్ల దాకా ఉంటారని, అందులో 27.5 కోట్ల మంది భారతదేశంలోనే ఉన్నారని 2020లో యునిసెఫ్ అంచనా వేసింది. ఇందుకు ముఖ్య కారణాల్లో బ్యాటరీల నాటు కొలిమిని ఆ నివేదిక పేర్కొంది.

ఒక వస్తువు ప్రకృతికి చేసే చేటును గని నుంచి చెత్తకుప్ప దాకా లెక్కగట్టే పద్ధతి ఒకటుంది; ఐఎస్ఓ 14040 దాని ప్రమాణం. సీసాన్ని ఎన్నిసార్లైనా కరిగించి మళ్లీ వాడుకోవచ్చు గనుక ఆ లెక్కలో ఈ బ్యాటరీకి మంచి మార్కులే పడతాయి. లోహం సంగతి వరకు అది నిజమే. అయితే పొగను వడకట్టి, యాసిడ్‌ను శుద్ధి చేసే కర్మాగారానికే ప్రతి బ్యాటరీ చేరుతుందని అనుకుని వేసిన లెక్క అయితే, పెరటి మూకుడు అందులోకి రానేరాదు. పొగ రాని బండి అని మనం మెచ్చుకునే ఈ-రిక్షాల్లోనూ చాలావాటికి ఈ సీసం బ్యాటరీలే ఉన్నాయి. చివరి మజిలీ ఎక్కడో చూడకుండా ఇచ్చే హరిత ధ్రువపత్రాన్ని నేనైతే నమ్మను.

చట్టం లేదని అనలేం. 2001లోనే నిబంధనలు వచ్చాయి. 2022 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనలు వాడేసిన బ్యాటరీలను వెనక్కి తెప్పించి శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారుల మీదే పెట్టాయి. ఆ బాధ్యతను కాగితాల మీద తీర్చినట్టు చూపితే సరిపోదు. రెండు తెలుగు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లు తుక్కు దుకాణాల నుంచి కొలిమి దాకా వెతుక్కుంటూ వెళ్లాలి. మూయించిన చోట ఆ మట్టిని తీయించాలి, చుట్టుపక్కల పిల్లల రక్తం పరీక్షించాలి. అక్కడ పనిచేసే కూలీలు నేరస్థులు కారు, అందరికన్నా ముందు దెబ్బతినేది వాళ్లే. వాళ్లకు వైద్యం, వేరే పని చూపించకుండా షెడ్డు మూస్తే అది మరో వీధిలో తెరుచుకుంటుంది.

మీరు చేయాల్సింది ఈ రోజే చేయొచ్చు. పాత బ్యాటరీని విప్పకుండా, వంచకుండా, నిటారుగానే కొత్తది అమ్మే డీలరుకు ఇచ్చి, బిల్లులో ఆ మాట రాయించుకోండి. మీ వీధి దగ్గర సీసం కరిగిస్తున్నారని తెలిస్తే కాలుష్య నియంత్రణ మండలికి రాసివ్వండి. అక్కడ ఆడుకునే పిల్లలుంటే డాక్టరుకు చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. మోతాదు బాగా పెరిగితే మందులతో కొంత దించవచ్చు గానీ, మెదడుకు జరిగిన నష్టాన్ని ఆ మందులు పూడ్చలేవు.