మూగ పెట్టె పలికిన వేళ

“ఈ సౌండు కార్డు లినక్సుకు తెలియదు” అని తేలికగా అనేస్తుంటాం. తప్పు ఆ వాక్యంలోనే ఉన్నదని నా అభిప్రాయం. తెలియకపోవడం వేరు, తెలియనివ్వకపోవడం వేరు.

నాన్నగారి కోసం ఒక పాత లాప్‌టాపులో లినక్సు స్థాపించాను. ఆయన కోరినది ఒక్కటే: మా నాయనమ్మ పాడిన మంగళహారతులు, క్యాసెట్టు నుండి నేను ఎక్కించి దాచినవి. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకోవడం ఆయనకు గిట్టదు. పాట హెడ్‌ఫోనులో చక్కగా వినబడింది గాని, స్పీకర్లు మౌనవ్రతం పట్టాయి. కార్డు కనబడుతూనే ఉంది, ఆల్సా మిక్సరులో ఎక్కడా మ్యూటు లేదు. అయినా చప్పుడు లేదు.

మూడు రాత్రుల తరువాత కారణం దొరికింది. ఇంటెల్ వారు 2004లో ప్రకటించిన హెచ్‌డీ ఆడియో పద్ధతిలో కోడెక్ చిప్పుకు అనేక పిన్నులుంటాయి. ఏ పిన్నుకు ఏమి తగిలించారో తెలిపే 32 బిట్ల చిట్టా ప్రతి పిన్నుకూ ఒకటి ఉంటుంది. దానిని సరిగా నింపవలసినది యంత్రం తయారుచేసినవారి బయోసు. మా యంత్రంలో స్పీకరు ఉన్న పిన్నుకు “ఇక్కడ ఏమీ లేదు” అని వ్రాసి ఉంది. పాపం డ్రైవరు ఆ మాట నమ్మింది. విండోసులో అవే స్పీకర్లు పలికేవి కనుక, తయారీదారు తన తప్పును అక్కడి డ్రైవరులో గుట్టుగా దిద్దుకొని ఉండాలి.

హెచ్‌డీఏ జాక్ రీటాస్క్ అనే పనిముట్టుతో ఆ పిన్నును “లోపలి స్పీకరు”గా మార్చి, యంత్రం మొదలైన ప్రతిసారీ అదే అమలయ్యేలా భద్రపరిచాను. నాయనమ్మ గొంతు గదిలో పలికింది. నాన్నగారు ఏమీ అనలేదు, కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.

కథ ఇక్కడ ముగిసిందనుకోవడం మనం చేసే రెండవ తప్పు. ఆ దిద్దుబాటు నా పెట్టెలోనే ఉండిపోతే, అదే నమూనా కొన్న మరొకరికి మరో మూడు రాత్రులు దండగ. ఆ యంత్రం గుర్తింపు సంఖ్యతో పాటు డ్రైవరు పట్టికలో ఒక్క వరుస చేరితే చాలు. “తయారీదారు ఊడిగం మనమెందుకు చేయాలి?” అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మనం చేసేది అతనికి కాదు, తరువాత వచ్చేవారికి. యారోస్లావ్ కిసెలా గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు కోసం మొదలుపెట్టిన పనే ఆల్సాగా పెరిగి, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెలుతో లినక్సుకు ప్రధాన ధ్వని వ్యవస్థ అయింది.

అన్ని తలుపులూ ఇలా తెరుచుకోవు. తయారీదారు సంతకం చేసిన ఫర్మ్‌వేరు ఉంటేనే పలికే చిప్పులు నేటి లాప్‌టాపులలో ఎన్నో. అక్కడ మన చిట్కాలు చెల్లవు. అందుకే కొనేముందే విచారించాలి, పలకనిదానిని కొనకపోవాలి.

తెర మీద తెలుగు బదులు డబ్బాలు కనబడిన రోజులు మనకు గుర్తే. ఆ డబ్బాలు వాటంతటవి అక్షరాలు కాలేదు, ఎవరో కూర్చుని దిద్దారు. నా వంతు వరుస నేను పంపాను. మీ పెట్టె పలికిన నాడు మీ వరుస మీరూ పంపండి.