మందుతోబాటు మాటయు కావలెను

డిప్రెషన్ అనబడు మనోవ్యాకులతకు వైద్యుడు మొట్టమొదట మందు వ్రాసియిచ్చిన పిమ్మట రోగి నేరుగా పోవునది మందుల దుకాణమునకే. అచ్చట చీటి చూచి, మాత్రలు లెక్కించి, సొమ్ము పుచ్చుకొని పంపివేయుట మనకు వాడుకయైపోయినది. ఆ మాత్ర యెప్పటికి పనిచేయునో, యెన్నాళ్లు వాడవలయునో విడమరచి చెప్పువారు అరుదు. ఈ మౌనమువలన కలుగు నష్టము స్వల్పమైనది కాదని మా యభిప్రాయము.

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములందు జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వే, పెద్దవారిలో సుమారు 20 మందికొకరు ఎప్పుడో యొకప్పుడు ఈ వ్యాధికి గురియైనారని తెలిపినది. వ్యాధిగ్రస్తులలో నూటికి 85 మందికి చికిత్సయే అందుట లేదని కూడ చాటినది. కావున వైద్యునికడకు వచ్చినవాడు సిగ్గును, లోకుల మాటను దాటి వచ్చినవాడు. అట్టివానిని రెండవ వారములోనే జారవిడుచుకొనుటకంటె విచారకరమైన దేమున్నది?

ఈ మందుల తీరు వేరు. సెర్ట్రలీన్, ఎస్సిటలోప్రామ్ మొదలగు మాత్రలు మొదలిడిన కొలదిదినములకే వికారము, తలనొప్పి, నిద్ర చెడుట కలుగవచ్చును. ఇవి చాలమందికి ఒకటి రెండు వారములలో తగ్గును. గుణమో, సాధారణముగా రెండు మొదలు నాలుగు వారములకుగాని తోచదు. బాధ ముందు, మేలు వెనుక. ఇది యెరుగని రోగి మందు పడలేదని మానివేయును. మరికొందరు మనసు తేలికపడగానే మానుదురు. కోలుకొన్న పిదప కనీసము 6 మాసములైన వాడనిచో వ్యాధి తిరుగబెట్టు భయము హెచ్చు. హఠాత్తుగా మానినచో తలతిరుగుడు, చికాకు కలుగవచ్చును. ఇవి మత్తుమందులను అపోహ ఇంటింట కలదు. ఇవి వ్యసనము గొలుపునవి కావు. 25 ఏండ్లలోపు వారికి తొలివారములలో ఆత్మహత్యాలోచనలు పెరుగవచ్చును గనుక ఇంటివారు కనిపెట్టియుండవలెను. ఇబుప్రోఫెన్ వంటి నొప్పిమాత్రలు వీనితో కలిసినచో రక్తస్రావపు భయము హెచ్చును. ఆ రెండును అమ్మువాడు ఒక్కడే కాబట్టి హెచ్చరింపదగినవాడును అతడే.

ఇది ఫార్మసిస్టుపై క్రొత్తగా మోపు బరువు కాదు. 1948 నాటి ఫార్మసీ చట్టము, చీటిపై మందిచ్చు పనిని రిజిస్టరైన ఫార్మసిస్టునకే అప్పగించినది. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందును గూర్చి బోధించుట అతని విధియని స్పష్టపరచినవి. అయినను గోడమీద నొకరి సర్టిఫికెట్టు, బల్లవెనుక వేరొకరు నుండు దుకాణములు లేవని యెవరనగలరు?

ఫార్మసిస్టు వైద్యుడు కాడనువారి మాట నిజమే. అతడు రోగనిర్ణయము చేయరాదు, మోతాదు మార్చరాదు. వైద్యుడు చెప్పినదానిని రోగికి బోధపరచుటయే అతని పని. ఇతరదేశముల పరిశోధనలలో ఫార్మసిస్టుల బోధవలన రోగులు మందు విడువక వాడుట మెరుగైనది. అంతమాత్రముననే వ్యాధి త్వరగా తగ్గునని తేలలేదు. కాని వాడని మందు ఎవరికిని గుణమీయదు గదా!

పదిమంది నిలిచియున్న బల్లవద్ద ఈ వ్యాధి పేరెత్తుట తగదు. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము రోగికి గోప్యత హక్కు నిచ్చినది. కావున ప్రభుత్వాసుపత్రుల మందులగదులలో ముందుగా ఒక మూల చాటు కల్పింపవలెను. తొలినాడు అయిదు నిమిషముల బోధ, చేతికొక తెలుగు కరపత్రము, రోగి సమ్మతించినచో రెండవ వారమున ఒక ఫోను పిలుపు, ప్రతినెల మందు తీసికొనునప్పుడు ఒక పలుకరింపు చాలును. ప్రాణముమీద విరక్తి వినబడినచో వెంటనే వైద్యునికడకు పంపవలెను. 2022లో నెలకొల్పబడిన టెలిమానస్ ఉచిత సేవ సంఖ్య 14416ను తెలుపవలెను.

ఈ పనికి వేళయు, తగిన వేతనమును కల్పించుట పాలకుల ధర్మము. చట్టము వ్రాసి యేండ్లు గడచినవి. మాత్రల లెక్క సరిగా చూచుచున్న దేశము, ఆ మాత్రలు మ్రింగువాని సంగతియు చూడవలదా?