యమపురి లేదన్నారు కదా అని!

ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని మా వైపు నానుడి. మా లక్ష్మీనరసింహస్వామి గుడి ప్రాంగణంలోనే యమధర్మరాజుకు కూడా గుడి ఉంది. ఎక్కడివారైనా ఆయన పేరు చెబితే గుండెలు పట్టుకుంటారు. మా ఊళ్ళో మాత్రం గండదీపంలో నూనె పోసి, దణ్ణం పెట్టి, కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకుని నవ్వుతూ బయటికొస్తారు.

నానుడి మంచిదే. కాని ఈ మధ్య కార్లలో దిగుతున్న భక్తులు దానికి కొత్త అర్థం చెప్పుకున్నట్టున్నారు. యమపురి ఎలాగూ లేదు కదా, ఇక బండి ఎలా నడిపితేనేం అని!

ఈ మాట అంటే మా ఆడబిడ్డ మూతి మూడు వంకరలు తిప్పి, "కారు కొన్నవు గద వదినె, ఇగ అందరి తప్పులు కనబడతై" అంది. నిజమే, కారు కొన్నాను. ఆ కథ ముందు చెప్పకపోతే నా కోపానికి తలా తోకా ఉండదు.

మావారికి మోకాళ్ళు సహకరించడం మానేసి మూడేళ్ళయింది. జగిత్యాల ముప్ఫై కిలోమీటర్లు. డాక్టరు దగ్గరకు వెళ్ళాలన్నా, కరీంనగర్లో అమ్మాయి ఇంటికి వెళ్ళాలన్నా బస్సు మెట్టు ఎక్కడమే ఆయనకు కొండ ఎక్కడం. కిందటేడు నా చీటీ డబ్బు చేతికొచ్చింది. కారు కొంటానన్నాను. ఇంట్లో ఎవరికీ నోట మాట లేదు. తరవాత అందరికీ ఒకేసారి వచ్చింది. ఆ డబ్బుతో రెండు జతల గాజులు చేయించుకొమ్మంది అత్తమ్మ. యాభై రెండేళ్ళకు డ్రైవింగేమిటన్నాడు మా మరిది. మావారు మాత్రం పేపరు దించకుండా, "నేర్చుకోనీ, గోడకు గుద్దితే గోడ మనదే గదా" అన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఇంత గట్టిగా సమర్థించడం అదే మొదలు.

కొత్త కారుకు నా చీటీ చాలదు. వాడిన బండే చూడాలి. అమ్మేచోటికి వెళితే అతను చెప్పిన మొదటి మాట, "డాక్టరుగారు వాడిన బండమ్మా, ఒక్క చేతి మీద నడిచింది" అని. తరవాత చూసిన మూడు బండ్లూ డాక్టర్లవేనట. నాకు తెలీక అడుగుతాను, ఈ దేశంలో డాక్టర్లందరూ కార్లు అమ్ముకుని ఎటు పోతున్నారండీ?

ఆడపిల్ల సంబంధం చూడబోతే గోత్రం అడుగుతాం, మేనమామ ఊరు అడుగుతాం, పక్కింటివాళ్ళని కూడా రహస్యంగా వాకబు చేస్తాం. లక్షన్నర పోసి కొనే బండి దగ్గరికొచ్చేసరికి రంగు చూసి తలూపేస్తాం. నేనూ ఊపేసేదాన్నే. మా వీధి చివర మెకానిక్కు కుర్రాణ్ణి వెంట తీసుకెళ్ళాను కనుక బతికాను. బండి మీటరు ముప్ఫై ఎనిమిది వేల కిలోమీటర్లు చూపిస్తోంది. అతను అటు చూడనే లేదు. వంగి బ్రేకు పెడలు చూశాడు. "అమ్మా, రబ్బరు సూడున్రి, అరిగి నున్నగైంది. స్టీరింగు అద్దం లెక్క మెరుస్తంది. ముప్పై ఎనిమిది వేలకు గిట్లయితదా?" అన్నాడు. ఇంజను మీద చెయ్యి పెట్టి, "మనమొచ్చేటాళ్ళకే వెచ్చగున్నది. సల్లటి ఇంజను స్టార్టు జేస్తేనే గదా దాని రోగం తెలిసేది" అన్నాడు. కాళ్ళ కింది పట్టా ఎత్తి తుప్పు చూశాడు. టైరు పక్కన నాలుగంకెలు చదివాడు. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరమట. 2316 అంటే 2016లో ఇరవై మూడో వారంలో పుట్టిన టైరు. మా పెద్దవాడి జాతకంలో కూడా ఇంత స్పష్టత లేదు.

ఆ డాక్టరుగారి బండికి నమస్కారం పెట్టి, చివరికి 2013లో రిజిస్టరైన ఒక తెల్ల బండి తీసుకున్నాం. నంబరు ఏపీ 15, అంటే మన పాత కరీంనగర్ జిల్లాది. లక్షా అరవై ఐదు అన్నవాణ్ణి లక్షా నలభైకి దింపాను. కూరగాయల బేరం ఊరికే పోదు సుమండీ!

అమ్మినతను తాళాలు చేతికిచ్చి, "ముందు నడుపుకోన్రి మేడం, పేరు తరవాత మార్చుకోవచ్చు" అన్నాడు. ఇక్కడ చెల్లెళ్ళంతా చెవులొగ్గి వినండి. తరవాత అన్నది ఎప్పుడూ రాదు. ఒకే రాష్ట్రంలో బండి అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో, కొన్నవారు ముప్ఫై రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని చట్టం. 29, 30 నంబర్ల ఫారాలు అందుకే. పాత యజమాని అప్పు తీరిందని 35వ నంబరు ఫారం కూడా అడిగి తీసుకోవాలి. ఇన్సూరెన్సు పేరు మార్పుకూ గడువు పద్నాలుగు రోజులే. చేతులెన్ని మారినా, ప్రమాదం జరిగితే రిజిస్ట్రేషనులో పేరున్నవారే యజమాని కింద లెక్క అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీరు ఎప్పుడో అమ్మేసిన బండి ఎక్కడో ఎవరినో గుద్దితే నోటీసు మీ గుమ్మంలోకే వస్తుంది. పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను కూడా చూసుకోవాలి. నా బండికి 2028లో పరీక్ష చేయించి, ఐదేళ్ళకు పొడిగించుకోవాలి.

ఇంతకీ నా పోట్లాట కాగితాలతో కాదు.

బండి ఇంటికి వచ్చింది. బ్రేకులు కొంచెం మెత్తగా ఉన్నాయి, వారంలో మార్పించమన్నాడు మెకానిక్కు. ఇంట్లో ఆ మాట ఎవరి చెవినా పడలేదు. వాహనపూజ ముహూర్తం, నాలుగు నిమ్మకాయలు, గుమ్మడికాయ, బంతిపూల దండ, పూజారిగారికి సంభావన, వీధి వీధంతా పంచడానికి పేడాలు, అన్నీ క్షణాల్లో కుదిరాయి. బ్రేకులకు మాత్రం "వచ్చే నెల చూద్దాంలే" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నేను నాస్తికురాలిని కాను. నిమ్మకాయలు నేనే కోసి తెచ్చాను, మా పెరటి చెట్టువే. కాని నిమ్మకాయను తొక్కితే దిష్టి పోతుందేమో గాని, బండి ఆగదు. బండిని ఆపేది బ్రేకే. పూజ మర్నాడే బ్రేకులు మార్పించాను. ఖర్చు పేడాలకైన దాంట్లో సగం కూడా లేదు.

బ్రేకుల సంగతి ఆడవాళ్ళకేం తెలుసనేవారికి ఒక కథ చెబుతాను. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్తకు చెప్పకుండా, ఆయన తయారుచేసిన మోటారుబండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని పుట్టింటికి బయలుదేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ఇంధనం అయిపోతే మందుల కొట్లో కొన్నది. చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాణ్ణి పట్టుకుని వాటికి తోలు కొట్టించింది. బ్రేకుకు పట్టీ వేయడం అలా మొదలైంది. పుట్టింటికి వెళ్ళాలనే పట్టుదల ప్రపంచానికి ఎంత మేలు చేసిందో చూశారా?

ఇక మా ఊరి రోడ్డుకు వద్దాం. నిజామాబాదు నుంచి జగ్దల్‌పూర్ వెళ్ళే 63వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. దాని మీద బొగ్గు లారీలూ, ఆర్టీసీ బస్సులూ. గుడి వైపు తిరిగితే వీధులు మా ముత్తాతలు ఎడ్లబండ్లకు వేసుకున్నవి. ఆ వీధుల్లో గోదావరిలో మునిగి తడిబట్టలతో వచ్చే ముసలమ్మలు, గుండు గీయించుకున్న పసివాళ్ళు, కొబ్బరికాయల బుట్టలు, ఆవులు. వీళ్ళందరి మధ్యలోకి హారను మీద వేలు తీయకుండా ఒక పెద్ద కారు వస్తుంది. తెల్లవారకముందే పట్నంలో బయలుదేరి, పొద్దున వేములవాడ, పదింటికి కొండగట్టు, మధ్యాహ్నం ధర్మపురి, చీకటి పడేలోగా కాళేశ్వరం చూసేయాలట! నడిపేవాడికి నిద్ర లేదు, తిండి లేదు. దేవుణ్ణి చూడ్డానికి వస్తున్నారా, దేవుడి దగ్గర హాజరు వేయించుకుని పోతున్నారా?

మొన్న ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు, డోలోత్సవం నాటి సాయంత్రం మావారికి గుండెలో బరువుగా ఉందన్నారు. ఒంటి నిండా చెమట. తాళాలు తీసుకుని పరుగెత్తాను. మా గేటుకు అడ్డంగా ఒక కారు. నిగనిగలాడే కొత్త బండి. మెడలో దండ, నుదుట కుంకుమ, చక్రాల కింద నలిగిన నిమ్మతొక్కలు. మనిషి లేడు, ఫోను నంబరు లేదు. దాన్ని తోశాను, తట్టాను, తిట్టాను. చివరికి పక్కింటి అబ్బాయి స్కూటరు మీద మావారిని మధ్యలో కూచోబెట్టి, వెనక ఇంకొకడు పట్టుకుని, ఆ జనంలోంచి ఆసుపత్రికి తీసుకుపోయారు. నా కారు గేటు లోపల, నేను గేటు దగ్గర. గుళ్ళో మైకులో నంబరు చెప్పించాక, యాభై నిమిషాలకు ఆ కారాయన వచ్చాడు. "అయిదు నిమిషాలే అనుకున్నం అమ్మా" అని, పులిహోర పొట్లం నా చేతిలో పెట్టి, "స్వామి ప్రసాదం, తీసుకోన్రి" అన్నాడు. తీసుకున్నాను. ప్రసాదం వద్దనలేం కదా!

స్వామి దయవల్ల మావారిది గుండెనొప్పి కాదు, అజీర్తి అన్నారు. కాని అది అజీర్తి అని ఆ యాభై నిమిషాలూ నాకెవరు చెప్పారు?

యాత్రికులు రాకపోతే మీ ఊరు బతికేదెట్లా అంటారు. ఒప్పుకుంటాను. కొబ్బరికాయల కొట్టూ, పూలబుట్టా, ఆటోవాళ్ళ పిల్లల బడి ఫీజులూ అన్నీ మీ చలవే. రావద్దని నేననడం లేదు. కారును గుడి గుమ్మం దాకా తేవద్దంటున్నాను. నరసింహ శతకం రాసిన మా శేషప్పకవి ఈ వీధుల్లో నడిచే స్వామిని కొలిచాడు. మనకు నాలుగడుగులు నడిస్తే అరిగిపోతామా?

నేనేదో కడిగిన ముత్యాన్నని చెప్పడం లేదు. అసలు సంగతి దాస్తే నాకే కళ్ళు పోతాయి. శ్రావణంలో వేములవాడ వెళ్ళినప్పుడు, చోటు దొరక్క, ఒక సందులో నా తెల్ల బండి పెట్టి "అయిదు నిమిషాలే" అనుకుని దర్శనానికి వెళ్ళాను. రెండు గంటలకు తిరిగొస్తే ఒక ముసలమ్మ గడపలో కూర్చుని ఉంది. ఆమె మిర్చిబజ్జీల తోపుడుబండి నా కారు వెనక ఇరుక్కుపోయింది. ఆమె తిట్టలేదు. "నీకు పుణ్యమచ్చె, నాకు గిరాకి పాయె బిడ్డా" అంది. మా గేటు ముందు పులిహోర పొట్లంతో నిలబడ్డ ఆ పెద్దమనిషికీ నాకూ తేడా ఏమిటో నాకిప్పటికీ తెలియలేదు.

అందుకే ఈ మాట మగవాళ్ళకు కాదు, మనకే చెబుతున్నాను. స్టీరింగు వాళ్ళ చేతిలో ఉండవచ్చు. ప్రయాణం మాత్రం మన చేతిలోనే ఉంటుంది. "ఎట్లాగూ వచ్చినం, ఇంకొక గుడి చూసుకుని పోదాం" అనేది ఎవరు? "హారతి అయిపోతది, తొందరగా పోనీయండి" అని వెనక సీట్లోంచి పొడిచేది ఎవరు? నిమ్మకాయలు గుర్తుపెట్టుకుని తెచ్చేదెవరు, బ్రేకుల సంగతి అడగనిదెవరు? 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు దారిలో కిక్కిరిసిన బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళే. అంజన్న కొండ నీడలోనే జరిగింది. దేవుడు దగ్గరున్నాడు కదా అని దారి మెత్తబడదు.

2015 జూలైలో పుష్కరాలప్పుడు మా ఊరి బయట కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయాయి. బండి వదిలి నడిచినవాళ్ళు ముందు మునిగారు. కారులో కూర్చున్నవాళ్ళు కారులోనే చెమటతో స్నానం చేశారు. మళ్ళీ 2027లో పుష్కరాలు. అధికారులు ఊరి బయట చోటు చూపించాలి, ముసలివారికి చిన్న బండ్లు పెట్టాలి. మహారాష్ట్రలో మాథెరాన్ కొండ మీదికి కార్లనే రానివ్వరు, అయినా జనం వెళుతూనే ఉన్నారు. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. చేయాలనుకుంటే అవుతుంది. వాళ్ళు చేసేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. రోజుకొక్క దేవుడు చాలనుకోవడం.

నేనిప్పుడు బండి అద్దానికి లోపలివైపు ఒక కాగితం అంటించాను. "ఈ బండి అడ్డమైతే పిలవండి" అని కింద మా ఇంటి ఫోను నంబరు. దాని పక్కనే అత్తమ్మ కట్టిన నిమ్మకాయ ఉంది. రెండూ ఉండనివ్వండి, తప్పులేదు. నిమ్మకాయ పని దేవుడు చూసుకుంటాడు. కాగితం పని నేను చూసుకోవాలి.

ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదు, నిజమే. కాని ముందు ధర్మపురికి రావాలి కదా. నిదానంగా రండి.