జేపీజీ ఇచ్చి చేతులు దులుపుకునే పోస్టర్లు మనకొద్దు

అన్నలూ, తమ్ముళ్ళూ, ఈ పోస్టు కొంచెం పెద్దదే. డ్యూటీ దిగి, స్నానం చేసి, తిన్నాక తీరిగ్గా చదవండి. చదివాక కొంతమందికి కోపం వస్తుంది. వచ్చినా పర్లేదు, కామెంట్లో తిట్టండి, కానీ పూర్తిగా చదివి తిట్టండి.

మా మబేలా రూముల్లో ఫోటోలు, పోస్టర్లు చేసేవాళ్ళం నలుగురం ఉన్నాం. పగలంతా సైటు మనుషులమే. ఒకరు సూపర్‌వైజరు, ఒకరు స్టీల్ ఫిక్సరు, ఒకరు స్టోరు, ఒకరు డ్రైవరు. ఎవరి దగ్గరా డిగ్రీ లేదు, కోర్సు చేసింది లేదు. శుక్రవారం వస్తే చాలు, మా ఫోన్లలో ఒకటే మెసేజీ. ఒక జేపీజీ ఫోటో, దాని కింద "అన్నా, దీంట్లో తేదీ ఒక్కటి మార్చి పంపు". ఒక్కటే కదా, రెండు నిమిషాల పని అని అడిగేవాళ్ళ లెక్క. ఆ తేదీ కింద పువ్వుల బొమ్మ ఉంటుంది, దాని మీద నీడ ఉంటుంది, పక్కన దేవుడి కిరీటం అంచు తగులుతూ ఉంటుంది. అంకె చెరిపితే కిరీటం కూడా పోతుంది. పోయిన కిరీటం మళ్ళీ గీయాలి. రెండు నిమిషాల పని రెండు గంటలు పడుతుంది, చేశాక చూస్తే అతుకు వేసినట్టే కనబడుతుంది.

తప్పు అడిగినవాళ్ళది కాదు. ఆ పోస్టరు మొదట చేసినవాడిది. లేయర్లన్నీ కలిపేసి, జేపీజీ ఒక్కటి మన మొహాన కొట్టి, అసలు ఫైలు తన దగ్గర దాచుకున్నవాడిది. ఇంకొంచెం తప్పు మనది కూడా. "ఫైలు ఏది?" అని అడగడం మనకి రాదు.

లేయరంటే ఏంటో సైటు మనుషులకి చెప్పడం చాలా తేలిక. డ్రాయింగులు గుర్తు తెచ్చుకోండి. గోడలదొక షీటు, స్టీలుదొక షీటు, కరెంటు పైపులదొకటి, నీళ్ళ లైన్లదొకటి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే మొత్తం బిల్డింగు. ఏసీ లైను జరపాలంటే ఏసీ షీటు ఒక్కటే మారుస్తారు, గోడల డ్రాయింగు ఎవడూ చింపడు. ఫోటోషాప్‌లో లేయర్లు కూడా అంతే. వెనక రంగు ఒక షీటు, మనిషి ఫోటో ఒక షీటు, పేరు ఒక షీటు, తేదీ ఒక షీటు. జేపీజీ చెయ్యడం అంటే శ్లాబు పోసెయ్యడం. పోసేదాకా కండ్యూటు ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు. పోశాక బ్రేకరు పెట్టి కొట్టుకోవాల్సిందే.

ఫోటోషాప్ 1990లో వచ్చింది. దాంట్లో లేయర్లు 1994లో, మూడో వెర్షన్‌తో వచ్చాయి. అంతకు ముందు పెద్ద పెద్ద డిజైనర్లకి కూడా ఒకటే కాగితం. మీద అక్షరం పడిందంటే కింద బొమ్మ పోయినట్టే. ముప్పై ఏళ్ళు దాటిపోయింది, మన ఊళ్ళలో ఫ్లెక్సీ సెంటర్లు మాత్రం కస్టమర్ని ఇంకా 1993లోనే ఉంచుతున్నాయి. వాళ్ళు మాత్రం లేయర్లలోనే పని చేసుకుంటారు. మనకే ఇవ్వరు.

ఎందుకివ్వరో మాకు తెలుసు. పోయినేడు పండగ పోస్టరుకి డబ్బులు తీసుకుంటాడు. ఈ ఏడు అదే పోస్టరులో సంవత్సరం మార్చి మళ్ళీ అంతే తీసుకుంటాడు. "డిజైన్ చార్జీ అన్నా" అంటాడు. డిజైను ఎక్కడిది, అంకె మార్చావు. మేం అతని పొట్ట కొట్టమని చెప్పట్లేదు. అతనిదీ కష్టమే, రాత్రిళ్ళు మేలుకుని చేస్తాడు. అందుకని మొదటే మాట్లాడుకోండి: లేయర్లున్న పీఎస్‌డీ ఫైలుతో సహా ఎంత? రెండు వందలో మూడు వందలో ఎక్కువ చెప్తాడు, ఇచ్చెయ్యండి. బిల్డింగు అప్పజెప్పేటప్పుడు క్లయింటు మన దగ్గర యాజ్-బిల్ట్ డ్రాయింగులు అడగట్లేదా? అవి ఇవ్వకపోతే ఫైనల్ బిల్లు కదులుతుందా? మనం డబ్బులిచ్చేచోట మాత్రం ఆ తెలివి ఎటు పోతుంది?

ఇక మనలో చేసేవాళ్ళ సంగతి. కొంతమంది తమ్ముళ్ళు లేయర్లలోనే చేస్తారు, కానీ ఆ ఫైలు తెరిచి చూస్తే కళ్ళు తిరుగుతాయి. లేయర్ 1, లేయర్ 1 కాపీ, లేయర్ 1 కాపీ 2, లేయర్ 47. ఏది ఏంటో చేసినవాడికే తెలియదు. అలాంటి ఫైలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. లేయరు పుట్టగానే పేరు పెట్టండి. పేరు మీద రెండుసార్లు నొక్కితే చాలు, తెలుగులో పెట్టినా తీసుకుంటుంది. సంబంధం ఉన్నవన్నీ ఎంచుకుని కంట్రోల్ జి కొడితే ఒక గ్రూపు అవుతుంది. కదలకూడని వెనక బొమ్మకి తాళం గుర్తు నొక్కి పెట్టండి.

మా సైటు సంగతే చెప్తాం. ఒమన్‌లో జూన్, జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఎండలో పని చేయించకూడదు, రూలు. దానికి గోడ మీద నోటీసు ఉంది, కానీ ఇంగ్లీషు, అరబీ మాత్రమే. చదవాల్సినవాళ్ళేమో తెలుగు, హిందీ, బెంగాలీ, మలయాళం, ఉర్దూ మనుషులు. మేం భాషకొక పోస్టరు చెయ్యలేదు. ఒకటే ఫైలు. అడుగున ఎండ బొమ్మ, గడియారం, నీళ్ళ సీసా, వాటికి తాళం. పైన భాషకొక గ్రూపు. తెలుగు కావాలంటే తెలుగు గ్రూపు పక్కన కన్ను గుర్తు వెలిగించి మిగతావి ఆర్పాలి, ప్రింటు తియ్యాలి. తర్వాత హిందీ. గడియారం కొంచెం పెద్దది చేస్తే బాగుండేది అని ఫోర్‌మన్ అన్నాడు. అడుగున ఒక్కచోట మార్చాం, అన్నిట్లోనూ మారిపోయింది. టీ తాగి వచ్చేలోపు అయిపోయిన పని అది.

ఇక్కడ ఒక మాట, చాలామంది అడిగేది. ఫోటోషాప్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విరిగిపోయి పక్కన పడతాయి. అరబీ అయితే అక్షరాలు విడివిడిగా, తిరగబడి వస్తాయి. పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి, టైప్ దగ్గర మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనేది ఎంచుకుని, ప్రోగ్రాం మూసి తెరిచి, కొత్త ఫైలు మొదలుపెట్టండి. రెండు భాషలూ దారికొస్తాయి. ఇది తెలియక అక్షరాల్ని బొమ్మగా చేసి అతికించేవాళ్ళున్నారు. అతికించిన అక్షరాన్ని రేపు ఎవడు మారుస్తాడు? అక్షరం అక్షరంగానే, టెక్స్ట్ లేయరుగానే ఉండనివ్వండి.

ఇప్పుడు అసలు బాధ చెప్తాం. మా పక్క క్యాంపులో ఒకాయన రాత్రి పడుకుని పొద్దున లేవలేదు. పెద్దకర్మకి పెట్టుకోవడానికి ఇంటివాళ్ళకి ఫోటో కావాలి. మన బతుకులో మంచి ఫోటో ఎక్కడుంటుంది? హెల్మెట్టు, సేఫ్టీ జాకెట్టు, సగం మొహం మీద నీడ. ఊళ్ళో ఒక స్టూడియో అతను ఆ మొహం కత్తిరించి, ఎరేజరుతో చుట్టూ చెరిపి, కోటు, టై ఉన్న ఎవరిదో ఒంటి మీద పెట్టి, వెనక పార్కు పెట్టి, జేపీజీ ఇచ్చాడు. ఎరేజరుతో ఒక చెవి సగం పోయింది, నుదుటి మీద జుట్టు పోయింది. వాళ్ళమ్మ ఆ ఫోటో చూసి "వీడు మావాడు కాదు" అందంట. సరిచెయ్యమంటే స్టూడియో అతను ఏం చేస్తాడు, చెరిపింది చెరిపినట్టే పోయింది.

తమ్ముళ్ళూ, ఎరేజరు ముట్టుకోవద్దు. మాస్కు వాడండి. లేయరుకి మాస్కు పెట్టి నల్ల రంగు పూస్తే ఆ భాగం కనబడకుండా పోతుంది, అంతే, చచ్చిపోదు. తెల్ల రంగు పూస్తే మళ్ళీ వస్తుంది. ఎక్స్ కీ నొక్కుతూ ఉంటే నలుపు తెలుపు మారుతూ ఉంటాయి. చెవి దగ్గర ఎక్కువ పోయిందా, తెలుపు పూసి వెనక్కి తెచ్చుకో. జుట్టు దగ్గర మెత్తటి అంచున్న బ్రష్షు. మొహం నల్లగా ఉంటే ఆ ఫోటో మీదే వెలుగు పెంచెయ్యొద్దు, పైన కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయరు పెట్టి, ఆల్ట్ పట్టుకుని రెండు లేయర్ల మధ్య గీత మీద నొక్కండి, ఆ వెలుగు కింది మొహానికే పడుతుంది. ఎక్కువైతే ఒపాసిటీ తగ్గించుకోవచ్చు. అన్నిటికన్నా ముందు కంట్రోల్ జె కొట్టి అసలు ఫోటోకి ఒక కాపీ తీసి అడుగున పెట్టి తాళం వెయ్యండి. అది ముట్టుకోవద్దు.

ఆ ఫోటో మళ్ళీ చేశాం. రూమ్మేటు ఫోనులో సంక్రాంతికి తీసిన ఒరిజినల్ దొరికింది. గళ్ళ చొక్కా, కొంచెం నవ్వు. కోటు తీసేసి ఆయన చొక్కాతోనే ఇచ్చాం. దీని మీద మా రూములోనే గొడవ అయింది. "పోయినోడికి కోటు వేస్తే తప్పేంటి, గౌరవం కదా" అని ఒకరు. మా మాట ఏంటంటే, ఇంటివాళ్ళు అడిగితే వెయ్యండి, అడక్కుండా వెయ్యొద్దు. మనిషి ఎన్నో ఏళ్ళు చొక్కాలో కష్టపడ్డాడు, ఆ చొక్కాకేం తక్కువ? లేయర్లు ఉంచితే ఇంకో లాభం, ఇంటివాళ్ళు చూసి కోటు కావాలన్నారనుకో, ఆ లేయరు కన్ను వెలిగిస్తే సరిపోతుంది. మన ఇష్టం వాళ్ళ మీద రుద్దినట్టు కాదు.

"ఇప్పుడు ఏఐ ఉంది కదా అన్నా, ఒక్క నొక్కుతో అవుతుంది" అంటారు. మేమూ చూశాం. మసక ఫోటోని క్లియర్ చేసే యాప్‌లు లేని వివరాన్ని ఊహించి గీస్తాయి. ముక్కు సన్నబడుతుంది, గడ్డం మీద మచ్చ మాయమవుతుంది. సినిమా హీరో పోస్టరుకి వాడుకోండి, మాకేం. కన్నతల్లి చూసే ఫోటోకి ఊహించిన మొహం వద్దు. తెలుగు అక్షరాలతో పోస్టరు చెయ్యమంటే అది రాసేది కొన్నిసార్లు ఏ భాషో కూడా తెలియదు.

ఇంకో ప్రమాదం ఉంది, దీనికి పైన చెప్పినదానికి ఉల్టా చెయ్యాలి. పాస్‌పోర్టు, రెసిడెంట్ కార్డు ఫోటోలు గ్రూపుల్లో పెట్టేటప్పుడు నంబరు మీద ఫోను మార్కరుతో గీసి పెడుతున్నారు. ఆ మార్కరులో కొన్ని పూర్తిగా నలుపు కాదు, వెలుగు పెంచితే కింద అంకెలు కనబడతాయి. పీఎస్‌డీలో నల్ల డబ్బా పెట్టి ఆ ఫైలే పంపితే ఇంకా ఘోరం, అవతలివాడు డబ్బా కన్ను ఆర్పితే మొత్తం బయట. కాబట్టి బయటికి పంపేది గట్టి నలుపు పెట్టి, కలిపేసిన జేపీజీ. మన దగ్గర దాచుకునేది లేయర్లున్న ఫైలు.

దొంగ ఏజెంట్లు లేయర్లు మనకన్నా ముందే నేర్చుకున్నారు. ఒక వీసా కాపీ, దాని మీద పేరు, పాస్‌పోర్టు నంబరు మాత్రం లేయర్లు. కన్ను ఆర్పు, కన్ను వెలిగించు, పది మందికి పది వీసాలు. పెద్దది చేసి చూస్తే కొన్నిసార్లు అక్షరం మందం తేడా కనబడుతుంది, నీటుగా చేసినవాడిది కనబడదు. కంటిని నమ్మొద్దు. రాయల్ ఒమన్ పోలీస్ ఈ-వీసా వెబ్‌సైట్‌లో నంబర్లు కొట్టి చూడమనండి. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో మన ప్రభుత్వం ఈ-మైగ్రేట్‌లో చూడమనండి. ఊళ్ళో తమ్ముళ్ళకి ఈ ముక్క చెప్పండి, వాళ్ళు అప్పు చేసేలోపు చెప్పండి.

"కూలోళ్ళకి ఇవన్నీ ఎందుకు, కంప్యూటరు ఏది" అనే పెద్దమనుషులకి ఒకటే జవాబు. కంప్యూటరు అక్కర్లేదు. ఫోనులో పిక్సెల్‌ల్యాబ్ ఉంది, దాంట్లో లేయర్ల జాబితా ఉంది, తాళం ఉంది, ప్రాజెక్టుగా సేవ్ చేసే దారి ఉంది. అది వదిలేసి ఇమేజీగా ఒక్కటే సేవ్ చేసి కూర్చుంటున్నారు. ఎవరి దగ్గరైనా పాత ల్యాప్‌టాప్ ఉంటే బ్రౌజరులో ఫోటోపియా తెరవండి, డబ్బులు కట్టక్కర్లేదు, పీఎస్‌డీ ఫైలు తెరుచుకుంటుంది, మళ్ళీ పీఎస్‌డీగానే సేవ్ అవుతుంది. ప్రకటనలు వస్తాయి, ఓర్చుకోండి. బార్ బెండింగ్ షెడ్యూలు చదివి స్టీలు కట్టే మనిషికి ఐదారు లేయర్లు అర్థం కావంటే మేం నమ్మం. లీడరు పుట్టినరోజుకి తెల్లారేదాకా కూర్చుని పోస్టరు చేసే తమ్ముడు, రూమ్మేటు పాస్‌పోర్టు ఫోటో వెనక తెల్ల రంగు పెట్టమంటే "టైము లేదన్నా" అంటున్నాడు. టైము లేకపోవడం కాదది.

ఫోటోలు మాకు పంపేటప్పుడు మామూలు ఫోటోగా పంపొద్దు, వాట్సాప్ నలిపేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి. మధ్యాహ్నం విరామం పోస్టరు ఫైలు కావాలన్నవాళ్ళకి లేయర్లతో సహా ఇస్తాం, డబ్బులేం వద్దు, మీ సైటు పేరు పెట్టుకోండి. బెంగాలీ గ్రూపులో మూడో లైను మాత్రం బెంగాలీ చదవడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఒకసారి చూసి చెప్పండి, ప్రింటుకి శనివారం ఇస్తున్నాం.