తనంత తాను నడచు యంత్రము

మంజీరానదిపై 1923లో పని ప్రారంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరమునకు సమీపమున, బాన్సువాడ ప్రాంతములో, మహమ్మద్ నగర్ అను ఊరు కలదు. ఆ సీమలో వరిసాగు ప్రధానము. కాలువ నీరందని పొలములకు బోరుబావులే ఆధారము.

మాట విని వెలుగు దీపములను, చేతిఫోను ఆజ్ఞకు తెరచుకొను తలుపులను చూచి పట్టణవాసులు నేడు అబ్బురపడుచున్నారు. కాని తెలంగాణ రైతు ఇట్టి స్వయంచాలక యంత్రమును ఎన్నడో తన పొలముగట్టున నిలుపుకొనెను. దాని పేరు ఆటో స్టార్టరు.

వ్యవసాయమునకు విద్యుత్తు దినమునకు కొన్ని గంటలు మాత్రమే, అదియు తరచుగా రాత్రివేళ, విడతలు విడతలుగా వచ్చెడి కాలమొకటి యుండెను. కరెంటు ఎప్పుడు వచ్చునో తెలియదు. వచ్చినంతనే మోటారు వేయనిచో మడి ఎండును. అర్ధరాత్రి టార్చిలైటు చేతబట్టి రైతు పొలమునకు పోవలెను. దారిలో పాములు, గట్టుపై బురద, తడిచేతితో స్టార్టరును ముట్టినచో విద్యుద్ఘాతము. ఈ విధమున ప్రాణములు కోల్పోయిన వారెందరో కలరు. ఆటో స్టార్టరు అమర్చినచో కరెంటు రాగానే మోటారు తనంత తాను తిరుగును. రైతు ఇంట నిద్రించును. దీనిని సోమరితనమని ఎవ్వరైనను ఆక్షేపింపగలరా?

2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమయ్యెను. అంతటితో పరిస్థితి తారుమారయ్యెను. కరెంటు పోవుట అరుదైనది గనుక, రైతు స్వయముగా పోయి ఆపిననే తప్ప మోటారు ఆగదు. మడి నిండి నీరు గట్టు పొరలినను ఆ పెట్టెకు పట్టదు. కరెంటు ఉన్నదా లేదా యను ఒక్క విషయమే దానికి తెలియును. భూగర్భజలము అడుగంటునను భయముతో, ఆటో స్టార్టర్లను తొలగింపుడని ప్రభుత్వమును విద్యుత్తు సంస్థలును రైతులను కోరినవి. నిన్న ప్రాణము కాపాడిన పెట్టెపై నేడు నింద పడెను. యంత్రము మారలేదు, దాని చుట్టునున్న లోకము మారినది.

ఆరంభించు యంత్రమును చేయుట సులభము. ఎప్పుడు ఆగవలెనో తెలిసిన యంత్రమును చేయుటలోనే నేర్పున్నది. ఇస్త్రీపెట్టెను చూడుడు. రెండు వేర్వేరు లోహపు రేకులను అతికించి దానిలో అమర్చుదురు. వేడికి ఒకటి ఎక్కువగను, మరియొకటి తక్కువగను సాగుటచే ఆ జంట రేకు వంగి విద్యుత్తును తెంచును. చల్లారినంతనే యథాస్థితికి వచ్చి మరల కలుపును. గది వేడిని కనిపెట్టి తెలుపు విద్యుత్సాధనమునకు 1883లో అమెరికాలో పేటెంటు పొందిన వారెన్ జాన్సన్ ఒక ఉపాధ్యాయుడు. వెచ్చదనము చూచుటకు పనివాడు మాటిమాటికి తరగతిలోనికి వచ్చి పాఠమునకు భంగము కలిగించుటయే ఆయనను ఈ ఆలోచనకు పురికొల్పినదందురు. పాఠమునకు అడ్డు తగులువారివలన లోకమునకు ఇంత మేలు కలుగుట అరుదు!

మేడపై నీటితొట్టిలోని బంతి మరింత నిరాడంబరమైనది. నీరు పెరిగినకొలది తాను లేచి గొట్టమును మూయును. దానికి కరెంటు అక్కరలేదు, ఇంటర్నెట్టు అంతకన్న అక్కరలేదు. తొట్టి పొంగి వీధి తడియుచుండగా, లోపల మాటలాడు దీపములు వెలిగించుకొను ఇల్లు తెలివైన ఇల్లు కానేరదు.

అట్లని ఆ దీపములు కేవలము డాంబికములనుటయు సరికాదు. మంచము దిగలేని వృద్ధునికి, చూపులేని వానికి అవి చేయూత. అయినను, అట్టి యంత్రములలో పెక్కింటిద్వారా ఇంటివారి మాటలును, మేల్కొను వేళలును దూరమునగల కంపెనీల కంప్యూటర్లకు చేరుచుండును. పనివానిని ఇంటిలోనికి రానిచ్చునపుడు ఊరు పేరు అడుగు మనము, ఈ కొత్త సేవకుని ఏమియు అడుగకుండుట వింత.

పొలముల విషయములో మరొక మార్గము ఏర్పడినది. పూణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ ఫోనుద్వారా మోటారును నడుపుటకును ఆపుటకును సాధనమును రూపొందించెను; అట్టివి నేడు పలు రకములు లభించుచున్నవి. రైతు ఇంట కూర్చుండియే మోటారును ఆపవచ్చును. మోటారు తిరుగుచున్నదో లేదో ఫోను చెప్పును. మడిలో నీటిని కొలుచు సాధనము లేనంతవరకు, నీరెంత నిలిచినదో చూచుటకు మాత్రము అతడు గట్టుమీదికి పోవలసినదే.