చెహోవ్ వదిలేసిన కుర్చీ

"అకాడమీ వేరు, ప్రభుత్వం వేరు. సాహిత్య గౌరవాల్లోకి రాజకీయాలు లాగొద్దు." ఈ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. అనేవాళ్ల అలమారల్లో గోర్కీ 'అమ్మ' కూడా ఉంటది. ఆ గోర్కీకి ఏం జరిగిందో చదివారో లేదో!

1902లో రష్యా ఇంపీరియల్ అకాడమీ గోర్కీని గౌరవ సభ్యుడిగా ఎన్నుకుంది. ఆయన మీద రాజకీయ కేసు విచారణ నడుస్తోంది. జార్ రెండో నికొలాయ్‌కి ఒళ్లు మండింది, ఎన్నిక రద్దయింది. తెలివి చూడండి, ఆ ప్రకటన జార్ పేరుతో రాలేదు, అకాడమీ పేరుతోనే వచ్చింది. అకాడమీ వేరట, ప్రభుత్వం వేరట!

చెహోవ్ 1900 నుంచీ అందులో సభ్యుడు. క్షయతో యాల్టాలో ఉంటున్నాడు. ఏ పార్టీ మనిషీ కాదు, సభలెక్కి అరిచే రకమూ కాదు. నోరు మూసుకుని ఉన్నా ఎవరూ అడిగేవాళ్లు కాదు. కొరొలెంకో ఆయన దగ్గరికెళ్లి మాట్లాడాడు. ఇద్దరూ రాజీనామా చేశారు. ఆగస్టులో చెహోవ్ రాసిన లేఖలో వాదన చాలా సూటిగా ఉంటది. ఎన్నికైనందుకు గోర్కీని మనసారా అభినందించింది తనే. ఆ ఎన్నిక చెల్లదన్నది అకాడమీ, అంటే సభ్యుడిగా తను కూడా. ఈ రెండూ ఒకే మనస్సాక్షిలో ఇమడవు. అంతే, సభ్యత్వం వద్దన్నాడు.

చెహోవ్ తాత భూస్వామి కింద వెట్టిమనిషి. 1841లో డబ్బు కట్టి కుటుంబాన్ని విడిపించుకున్నాడు. అట్లాంటి ఇంటి మనవడికి అకాడమీ కుర్చీ అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. "మనోడికి పైన చోటు దొరికింది, కాపాడుకోవాలి" అని మన దగ్గరా అంటారు. ఆ ఆశని నేను ఎగతాళి చెయ్యను. కానీ ఆ చోటులో కూర్చున్న పాపానికి పక్కవాణ్ణి గెంటే కాగితం మీద నీ పేరు కూడా పడుతుంటే, తమ్ముడూ, నువ్వు ఎవరి ప్రతినిధివి?

గోర్కీ అభిమానులకి కోపమొచ్చినా ఇంకో సంగతి చెప్పాలి. జార్ పడిపోయాక 1917లో అకాడమీ ఆయన్ని మళ్లీ చేర్చుకుంది. 1932లో సోవియట్ ప్రభుత్వం లెనిన్ ఆర్డర్ ఇచ్చింది, పుట్టిన ఊరు నీజ్నీ నొవ్‌గొరొద్‌కి ఆయన పేరే పెట్టింది. 1934లో తెల్ల సముద్రం కాలువ మీద ఒక పుస్తకం వచ్చింది. ఆ కాలువ తవ్వింది ఖైదీలు, వేలమంది అక్కడే చచ్చిపోయారు. దాన్ని ఆకాశానికెత్తిన ఆ పుస్తకానికి సంపాదకుల్లో ఒకడు గోర్కీ. తన కోసం కుర్చీలు వదిలేసిన ఆ ఇద్దరూ అప్పటికి బతికి లేరు.

కొరొలెంకో 1920లో లునచార్‌స్కీకి రాసిన ఆరు ఉత్తరాల గురించి వచ్చే భాగంలో.