అభ్యంతరం తేల్చేటప్పుడు కారణం చెప్పండి

నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ డైరెక్టర్ జనరల్ గారికి,

జేఈఈ మెయిన్ కీ మీద అభ్యంతరం చెప్పాలంటే ఒక్కో ప్రశ్నకు 200 రూపాయలు కట్టాలి, అవి తిరిగి రావు. 2025-26లో మా కమలాపురం పల్లెల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంత పెట్టి, లెక్క చేసి, ఆధారం జతచేసిన పిల్లలకు విడిగా జవాబు చెప్పబోమని మీ నోటీసులే అంటాయి. నిపుణులదే తుది మాట, సరే. లెక్కకు నిరూపణ కావాలి కదా సార్! తప్పని నిపుణులు తీసేసిన ప్రశ్నకు ఆ షిఫ్టులో అందరికీ 4 మార్కులు పడతాయి. కష్టపడి సరిగ్గా చేసినవాడికి దక్కిన ఆధిక్యం పోతుంది, ఎందుకు పోయిందో తెలియదు.

అభ్యంతరం వచ్చిన ప్రతి ప్రశ్నకూ నిపుణుల సాధనను తుది కీతోపాటే, తెలుగులో కూడా పెట్టండి. అభ్యంతరం నిజమని తేలితే ఆ 200 వెనక్కివ్వండి.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు,
కమలాపురం, కడప జిల్లా